పెన్ అ వాన్ కొండకు పద్నాలుగురం వెళ్తున్నాం: పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న (కార్డిఫ్ నుంచి):
అక్టోబరు రెండో శనివారం ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో ఉన్న పెన్ అ వాన్ ఎక్కాలనుకుంటున్నాం. పిల్లలతో కలిపి పద్నాలుగురం. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్య కూడా వస్తామంటున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, కానీ అలిపిరి మెట్లదారిన తిరుమల ఎక్కినవారే. మావారు ఫరవాలేదంటున్నారు, నాకే ధైర్యం చాలడం లేదు. ఏ దారి మేలు?

జవాబు (మెర్థర్ నుంచి):
తప్పకుండా తీసుకెళ్లండి. ఇక్కడి నడక బృందంతో నేను తరచూ ఆ కొండకు వెళ్తుంటాను. పాంట్ ఆర్ దావ్ దారి ఎంచుకోండి. కారు ఆపే చోటే సుమారు 440 మీటర్ల ఎత్తు, శిఖరం 886. రానూపోనూ ఆరున్నర కిలోమీటర్లు, రాళ్లు పరిచిన దారి. శనివారం కార్లకు చోటు త్వరగా నిండిపోతుంది, పొద్దున్నే చేరుకోండి.

అలిపిరితో మాత్రం పోల్చుకోవద్దు. అక్కడ తలమీద పైకప్పు, దారిలో దుకాణాలు, మంచినీళ్లు ఉంటాయి. ఇక్కడ గాలికి అడ్డంగా ఒక్క గోడ ఉండదు. ఒకసారి కింద ఎండ కాస్తుంటే బయలుదేరాం. పక్క శిఖరమైన కార్న్ డీ కిందున్న కనుమకు చేరేసరికి మా బృందంలోని ఒక పెద్దాయన టోపీని గాలి ఎగరేసుకుపోయింది. తుంపరకు కళ్లద్దాలు మసకబారి, అడుగు ఎక్కడ వేయాలో తెలియక ఆయన అలాగే నిలబడిపోయారు. జీన్స్ వద్దు, తడిస్తే ఒక పట్టాన ఆరవు. అత్తయ్యగారు చీరలోనే వస్తానంటే ఎలాగైనా ఒప్పించి మాన్పించండి, ఆ గాలికి కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరినీ ఒంటరిగా వెనక్కి పంపకండి. కార్న్ డీకి పడమటి గట్టు మీద ఒక రాతి స్తంభం ఉంది. 1900 ఆగస్టులో టామీ జోన్స్ అనే ఐదేళ్ల పిల్లవాడు తాతగారి ఇంటికి వెళ్లే దారిలో చీకటికి భయపడి, తోడున్న పదమూడేళ్ల బంధువును విడిచి ఒక్కడే వెనుదిరిగాడు. 29 రోజులకు ఆ గట్టు మీద శవమై దొరికాడు. ఆ రాయి దగ్గర నిలబడిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. మీ వాళ్లలో ఎవరైనా అలసిపోతే దారి తెలిసిన ఇద్దరు వారితో కలిసి దిగాలి. వరుస చివర నిదానస్తుణ్ణి ఒకరిని పెట్టండి, ఆయన కన్నా వెనక ఎవరూ ఉండకూడదు.

జవాబు (న్యూపోర్ట్ నుంచి):
కారు లేనివారికి కార్డిఫ్ నుంచి బ్రెకన్ వెళ్లే టీ4 బస్సు ఉంది, కొండ పాదాన ఉన్న స్టోరీ ఆర్మ్స్ దగ్గర దిగవచ్చు. శిఖరానికి ఉత్తరపు అంచు నిట్టనిలువుగా ఉంటుంది, ఫొటోల కోసం పిల్లలను అటు పోనివ్వకండి. ఆపద వస్తే 999కు ఫోను చేసి పోలీసులను, వారి ద్వారా పర్వత రక్షక దళాన్ని అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, నిమిషం ఆగి మళ్లీ వేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మామయ్యకు చదివి వినిపించాను. చివరన నడిచే బాధ్యత మావారిది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనుదిరగాలని అందరికీ చెప్పేశాను. పులిహోర పొట్లాలు ఆ కనుమ దగ్గర విప్పవచ్చా?

జవాబు (మెర్థర్ నుంచి):
అక్కడ వద్దండీ, విస్తరితో సహా ఎగిరిపోతుంది. కనుమకు బాగా దిగువనే, గాలి తగలని చోట చూసుకుని తినేయండి. పైకి వెళ్లాక పిల్లలకు ఖర్జూరాలు చాలు.