అప్‌డేట్: కొత్త ఇంజన్ ఎందుకు కొట్టుకుందో తెలిసింది

మా డీజిల్ పికప్‌కి ఇంజన్ మార్పించి 900 కిలోమీటర్లు తిరగకుండానే కింద టకటక శబ్దం, ఆయిల్ లైటు వెలుగుతోందని పోయిన నెల అడిగాను కదా. నిన్న వేరే మెకానిక్ దగ్గర సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించాం. అడుగున మెరిసే లోహపు రజను, బేరింగుల మీద లోతుగా గీతలు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

తప్పు ఇంజన్‌ది కాదు. పాత ఇంజన్ అరిగి రాలిన రజను, ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్‌లో ఉండిపోయింది. కొత్త ఇంజన్ బిగించినాయన ఆ పాత కూలర్‌నే డీజిల్‌తో కడిగి మళ్లీ పెట్టాడు. దానిలోని సన్నటి దారుల్లోంచి కడిగినా రజను పూర్తిగా పోదట. టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోనూ పాత ఆయిల్ నిలిచి ఉంది. దాన్ని ఇంజన్ లోపలికి లాగితే ఆ ఆయిలే డీజిల్‌లా మండి, తాళం తీసినా ఇంజన్ ఆగకపోవచ్చు.

క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) మార్చక్కర్లేకుండా పాలిష్‌తో సరిపోయింది. కూలర్, టర్బో ఆయిల్ పైపు కొత్తవి వేశాం. ఈసారి ఇంజన్ అంటుకోకుండా ఇంజెక్టర్ల (డీజిల్ చిమ్మేవి) కనెక్షన్ తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి, కనెక్షన్ మళ్లీ పెట్టి అప్పుడే స్టార్ట్ చేశారు. కూలర్ చూడమన్నవాళ్లకి దండాలు.