4 డిస్కుల సర్వర్‌కి రెయిడ్ కార్డు కొనాలా, లైనక్స్ రెయిడ్ సరిపోతుందా?

నాగావళి_రాయగడ:
స్కానింగ్ సెంటర్‌కి టవర్ సర్వర్ కడుతున్నాం. 8 టీబీ సాటా డిస్కులు 4, డెబియన్ లైనక్స్. ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా వాటిని రెయిడ్‌గా కలపాలి. ఎక్స్‌రే, సీటీ ఫైళ్ళు దాచడానికి. విశాఖలో ఒక షాపులో వాడిన రెయిడ్ కార్డు ఉంది, 1 జీబీ క్యాష్ మెమరీ, బ్యాటరీ మాత్రం లేదట. వానాకాలం ఇక్కడ కరెంటు సంగతి తెలుసు కదా. కార్డు తీసుకోమంటారా, లైనక్స్ సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్ పనిముట్టు ఎండీఆడమ్‌తో కానిచ్చేయమంటారా? రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా తట్టుకునే రకం) పెడితే 24 టీబీ వస్తుందని ఆశ.

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
బ్యాటరీ లేని కార్డు వద్దండి. రాసింది క్యాష్‌లో పెట్టుకుని "అయిపోయింది" అని ముందే చెప్పేస్తుంది, డిస్కు మీద తీరిగ్గా రాస్తుంది. దాని వేగమంతా అక్కడిదే. ఈలోగా కరెంటు పోతే ఆ డేటా గోవిందా. అందుకే బ్యాటరీ లేనప్పుడు మామూలుగా రైట్-త్రూలోనే (డిస్కు మీద రాశాకే అయిపోయిందని చెప్పే పద్ధతి) నడుస్తుంది, నెమ్మదిగా. మెనూలో బలవంతపు రైట్-బ్యాక్ (క్యాష్‌లో పెట్టుకుని ముందే చెప్పేసే పద్ధతి) ఆన్ చేసి షాపువాడు స్పీడు చూపిస్తే పడిపోకండి. పైగా కార్డు కాలిపోతే అదే జాతి కార్డు వెతుక్కోవాలి, రాయగడలో ఎక్కడ దొరుకుతుంది? ఎండీఆడమ్ డిస్కులు ఏ లైనక్స్ డబ్బాకి తగిలించినా లేస్తాయి.

బయోస్‌లో కనిపించే మదర్‌బోర్డు రెయిడ్ జోలికీ పోవద్దు. అదీ సాఫ్ట్‌వేరే, వేషం కార్డుది. వీఎంవేర్ ఈఎస్ఎక్స్‌ఐ (ఒకే డబ్బాలో చాలా వర్చువల్ మెషిన్లు నడిపేది) పెట్టేవాళ్ళకైతే కార్డు తప్పదు, దానికి సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేదు.

సిరొంచ_షెల్:
అంతకంటే ముందు డిస్కుల మోడల్ చూడండి. ఎస్సెమ్మార్ (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాసే రకం) అయితే రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్కు బదులు కొత్తదాన్ని నింపేటప్పుడు, చుక్కలు చూపిస్తాయి. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ) డిస్కులే కదా అని ధీమా వద్దు, డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టీబీల్లో కొన్ని ఎస్సెమ్మారే అని 2020లో బయటపడింది.

రెండోది టైమౌట్. చెడ్డ సెక్టారు తగిలితే డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. లైనక్స్ 30 సెకన్లు చూసి డిస్కుని రీసెట్ చేస్తుంది, లైనక్స్‌లోని రెయిడ్ భాగం ఎండీ దాన్ని గెంటేస్తుంది. ఒక్క సెక్టారుకి మొత్తం డిస్కు అవుట్! స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టారుతో డిస్కు ఎంతసేపు కుస్తీ పట్టాలో చెప్పే సెట్టింగు) 70,70 పెట్టండి, అంటే 7 సెకన్లు. కరెంటు పోయొస్తే చాలా డిస్కుల్లో ఆ సెట్టింగు చెరిగిపోతుంది కాబట్టి బూట్ స్క్రిప్టులో పెట్టండి. డిస్కు ఒప్పుకోకపోతే కర్నెల్ టైమౌట్‌ని 180 చేయండి.

రెయిడ్ 5 ఆశ వదులుకోండి. సెకనుకి 180 ఎంబీ లెక్కన 8 టీబీ రీబిల్డ్‌కి 12 గంటలు దాటుతుంది, ఆ లోపు ఇంకో డిస్కు మొరాయిస్తే అంతే. 4 డిస్కులకి రెయిడ్ 6 అయినా 10 అయినా వచ్చేది 16 టీబీయే. 6లో ఏ రెండు పోయినా డేటా ఉంటుంది, 10లో డిస్కులు జతలుగా ఒకే డేటా దాచుకుంటాయి, ఒకే జతలోవి రెండూ పోతే లేదు. పెద్ద ఫైళ్ళు ఒకసారి రాసి వదిలేసేవే కాబట్టి నా ఓటు 6కి.

మహేంద్రతనయ_పర్లాకిమిడి:
కరెంటు పోయే చోట నేనైతే 10 అంటాను. పారిటీ (పోయిన డిస్కులోది తిరిగి లెక్కగట్టే అదనపు డేటా) లేదు కాబట్టి సగం రాసి ఆగిపోయిన పారిటీ గొడవా లేదు. రీబిల్డ్‌లో ఒక్క జత డిస్కునే చదవాలి. ఏది పెట్టినా యూపీఎస్‌కి యూఎస్‌బీ కేబుల్ తగిలించి, నట్ (యూపీఎస్‌ని గమనించే సాఫ్ట్‌వేర్) ద్వారా సర్వర్ తనే షట్‌డౌన్ అయ్యేలా చూడండి.

నాగావళి_రాయగడ:
రోగుల డేటాబేస్ కూడా ఇందులోనే అండి.

సిరొంచ_షెల్:
అయితే అది వేరుగా రెండు ఎస్సెస్డీల రెయిడ్ 1 (రెండింట్లోనూ ఒకే డేటా) మీద పెట్టండి, అప్పుడు పెద్ద డిస్కులకి 6 చాలు. బ్యాకప్ మాత్రం వేరే డిస్కు మీద, వేరే చోట. అర్రే (రెయిడ్‌గా కలిపిన డిస్కుల గుంపు) కట్టాక ఎండీఆడమ్ మానిటర్‌ని టెస్ట్‌తో నడిపి మెయిల్ వస్తుందో లేదో చూసుకోండి. ఒక్కో ట్రే మీద ఆ డిస్కు సీరియల్ నంబరు చివరి 4 అక్షరాలు స్టిక్కరేసి అంటించండి. సగం రాత్రి పాడైన డిస్కు బదులు మంచిది లాగేస్తే ఏ రెయిడ్ అయినా ఇబ్బందే.