కబ్ పిల్లల మొదటి నడక కోరింగ మడ అడవిలో: ఎంత దూరం పెట్టాలి?

గట్టుదారి:
మా కబ్ ప్యాక్‌లో (స్కౌట్స్‌లో చిన్నపిల్లల జట్టు) 22 మంది, 8–10 ఏళ్ల వాళ్లు. హైక్ ఎవరికీ అలవాటు లేదు. డిసెంబరులో ఒక ఆదివారం చొల్లంగి దగ్గర అభయారణ్యంలో చెక్కబాట మీద నడిపిద్దామని. పెద్దవాళ్లం ముగ్గురం. 6 కిలోమీటర్లు పెట్టొచ్చా? నీళ్లు ఎన్ని మోయించాలి?

మడగాలి:
6 వద్దండి, రానూపోనూ కలిపి 3 చాలు. ఆ వయసు వాళ్లు ప్రతి పీత దగ్గరా ఆగుతారు. ఆగనివ్వాలి కూడా, వచ్చిందే అందుకు.

దూరం కంటే ముందు పోటూ పాటూ (సముద్రపు నీళ్లు పెరగడం, తగ్గడం) చూడండి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజురోజుకీ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు మీద వెళితే బురదంతా మునిగి, నీళ్లూ ఆకులూ తప్ప ఏమీ కనపడవు. పూర్తి పాటుకి గంట ముందు బయల్దేరితే బురదలోంచి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, ఒక్క డెక్కే పెద్దగా ఉన్న పీతలు, బురద మీద గెంతే చేపలు అన్నీ దొరుకుతాయి. "ఈ వేళ్లు పైకెందుకొచ్చాయి?" అని అడిగి ఊరుకోండి, బురదలో గాలి ఆడదని వాళ్లే కనిపెట్టేదాకా. కాకినాడ పోటు పట్టిక చూసి తేదీ వేసుకోండి. అటవీశాఖ వాళ్లకి ముందే ఫోన్ చేయాలి. తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి.

ఏటిగాలి:
ముగ్గురు చాలరు, నలుగురుండాలి. నాలుగు సిక్స్‌లు (ఐదారుగురు పిల్లల చిన్న గుంపులు) చేసి సిక్స్‌కి ఒకరు. మెల్లగా నడిచేవాణ్ణి వరస ముందు పెట్టండి. చివర పెడితే వాడు చేరేసరికి మిగతావాళ్లు లేస్తారు, వాడికి విశ్రాంతే ఉండదు. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. ఒక పొడవాటి విజిల్ అంటే నిశ్శబ్దంగా ఆగడం, ఇది బడి గ్రౌండులోనే అలవాటు చేయండి.

హవాయి చెప్పులు వద్దు. పొద్దున్న మంచుకి చెక్కలు జారతాయి. పైగా చెప్పు బురదలో పడితే తీయడానికి పిల్లాడు వంగుతాడు, ఎక్కువగా పడేది అప్పుడే. పాత కాన్వాస్ బూట్లు మేలు, కొత్తవైతే మడమ బొబ్బలెక్కుతుంది.

గట్టుదారి:
మరి నీళ్లు? లీటరు బరువు కాదా?

ఏటిగాలి:
తలా లీటరు తప్పదు. 25 కిలోల పిల్లాడికి సంచి మొత్తం రెండున్నర కిలోలు దాటకపోతే చాలు: నీళ్లు, టోపీ, పులిహోర డబ్బా, పల్లీ ఉండ. ఇంకో 5 లీటర్ల క్యాను పెద్దవాళ్లు మోయాలి. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ప్రమాదం.

మడగాలి:
ఒకటి మర్చిపోయా. మడలో తిల్ల చెట్టు ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారతాయి, ఒంటికి తగిలితే పొక్కుతుంది, కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు. అందుకే ఆ రోజు ఏ ఆకూ తుంచకూడదని ముందే చెప్పండి. కంట్లో పడితే నలపనివ్వకుండా మంచినీళ్లతో 15 నిమిషాలు ఆగకుండా కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి. అందుకే ఆ 5 లీటర్ల క్యాను తిరుగుప్రయాణం దాకా ఖాళీ చేయొద్దు.