క్రోమియం ట్రయోడైడ్: విశిష్టోష్ణంలో అయస్కాంత వాటాను విడదీయడం ఎలా?

పొరల అయస్కాంతమైన ఈ పదార్థం విశిష్టోష్ణాన్ని రిలాక్సేషన్ పద్ధతిలో (చిన్న వేడి పల్స్ ఇచ్చి, ఉష్ణోగ్రత పెరిగి తగ్గే తీరు చూసి) కొలుస్తుంటే, అది అయస్కాంతంగా మారే 61 కెల్విన్ల దగ్గర పదునుగా రావాల్సిన శిఖరం మొద్దుబారి వస్తోంది. పల్స్‌కు ఉష్ణోగ్రతను 2 శాతం పెంచితే అక్కడ అది 1.2 కెల్విన్లు, శిఖరం అందులోనే కరిగిపోతుంది. 0.3 శాతానికి దించితే నాయిస్ మింగేస్తోంది. నమూనా పలకలు పేర్చి, వేడిని అందించే ఎపీజాన్ ఎన్ గ్రీజు రాసినా పై పలకకు వేడి ఆలస్యంగా చేరి కప్లింగ్ (నమూనాకూ వేదికకూ మధ్య ఉష్ణ సంబంధం) 90 శాతం దాటట్లేదు.

అసలు చిక్కు ఎంట్రోపీది, అంటే స్పిన్‌ల క్రమరాహిత్యం లెక్కది. క్రోమియం అయాన్ స్పిన్ 3/2 కాబట్టి మోల్ క్రోమియంకు, కెల్విన్‌కు 11.5 జౌళ్లు రావాలి. శిఖరం కింద కొంతే దొరుకుతోంది. పొరల అయస్కాంతాల్లో మిగతాది షార్ట్ రేంజ్ ఆర్డర్‌గా (పక్కపక్క స్పిన్‌ల మధ్య మాత్రమే ఉండే క్రమంగా) ఇంకా పై ఉష్ణోగ్రతలకు పరుచుకుంటుంది, నిజమే. కానీ 210 కెల్విన్ల ప్రాంతంలో స్ఫటిక నిర్మాణమే మారుతుంది, కాబట్టి ఆ ఉష్ణోగ్రతకు పైన వేసిన డిబై ఫిట్‌ను (పరమాణు కంపనాల విశిష్టోష్ణానికి వాడే నమూనా రేఖను) కిందికి లాగలేం. లాటిస్ వాటాను, అంటే ఆ కంపనాల వాటాను, మీరెలా తీసేశారు? ఒకే పెద్ద పల్స్ ఇచ్చి ఉష్ణోగ్రత వక్రరేఖ వాలును ముక్కలుగా విశ్లేషించినవాళ్లు ఎన్ని కెల్విన్లు ఎక్కించారో చెప్పగలరా?