డిజైన్‌లో లేని వెడల్పుల్లో కార్డు ఎలా కుదర్చాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి ఒక పట్టుచీరల కొట్టుకి వెబ్‌సైట్ చేస్తున్నాను. ఫిగ్మాలో (డిజైన్ గీసే టూల్) ఇచ్చిన డిజైన్ 1440, 375 పిక్సెళ్ల స్క్రీన్ వెడల్పులకే ఉంది. ఒక్కో చీరకి ఒక పెట్టె, అదే కార్డు: ఎడమన చీర ఫోటో, కుడిన పేరు, ధర, ఫోన్‌లో ఫోటో పైకి వెళ్తుంది.

768 పిక్సెళ్ల వెడల్పు దగ్గర పేరు కార్డు దాటి బయటికి పోయేది. ఫ్లెక్స్‌లో (పెట్టెల్ని పక్కపక్కన పేర్చే CSS పద్ధతి) టెక్స్ట్ పెట్టెకి మిన్-విడ్త్ (కనీస వెడల్పు) సున్నా ఇస్తే ఆగింది. అసలు టెన్షన్ లైన్-హైట్‌తో, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తుతో. డిజైన్‌లో 1.2 ఉంది, ఇంగ్లీషు అక్షరాలకి సరిపోతుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని కనబడకుండా చేసే సెట్టింగ్) వల్ల తెలుగు, ఒడియా పేర్లలో వత్తులు కింద తెగిపోతున్నాయి. చీర పేరు సొంత లిపిలో నిండుగా కనబడాలి, నాకు అదే ముఖ్యం.

లైన్-హైట్ 1.6 చేసి, కార్డు ఎత్తు ఫిక్స్ చేయకుండా వదిలేయనా? ఇదే కార్డు సన్నటి సైడ్‌బార్‌లోనూ రావాలి. వెడల్పుని బట్టి అమరిక మార్చడానికి వాడే మీడియా క్వెరీ స్క్రీన్ వెడల్పే చూస్తుంది కాబట్టి, కార్డు ఉన్న పెట్టె వెడల్పు చూసే కంటైనర్ క్వెరీకి మారడం మంచిదా? ఇలాంటిది చేసినవాళ్లు కాస్త చెప్పండి.