అప్‌డేట్: పెద్ద తెర ఫోనుతో ఆరు నెలలు

రోజూ వాడటానికి గెలాక్సీ ఎస్24 అల్ట్రా మరీ పెద్దదవుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. పర్వాలేదన్న మీ మాట మీదే తీసుకున్నాను.

తెర 6.8 అంగుళాలు, బరువు 232 గ్రాములు. మొదట్లో చిటికెన వేలు నొప్పి పుట్టింది. కారణం నేను వేసిన మందపాటి కవరు. పలుచనిది మార్చి, వెనక వేలు దూర్చే ఉంగరం అంటించాక హాయిగా ఉంది. ఒంటిచేత్తో టైపు చేయడం ఎలా అన్నవారికి: కీబోర్డును ఒక పక్కకు జరుపుకున్నాను. చొక్కా జేబులో మాత్రం పెట్టను.

అసలు సంబరం అమ్మది. అక్షరాలు పెద్దవి చేసుకుని, కళ్లద్దాలు వెతుక్కోకుండా పంచాంగం చూస్తోంది. గాజు మీద ఎండ మెరుపు తక్కువ కాబట్టి మిట్టమధ్యాహ్నం డాబా మీద కూడా తిథి చదివి చెప్పింది. నిన్న ఫోనులోనే ఇమిడి ఉండే పెన్ను బయటికి లాగి, ఆపి ఉన్న నల్లని తెర మీదే రాసింది: ‘కందిపప్పు రెండు కిలోలు, చింతపండు’. ఆ గుండ్రటి అక్షరాలను దాచుకున్నాను.