చెక్క గరిటెల పనితో మణికట్టు నొప్పి, ఏం చేయాలి?

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఇంట్లోనే చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తాం. నర్ది, కలివి కర్రను మావారు చెక్కి ఇస్తే, ఆకురాయి పట్టి నునుపు చేసి పిడి మీద నగిషీ పెట్టడం నా వంతు. ఈమధ్య కుడి బొటనవేలి కింద, మణికట్టు దగ్గర ఒకటే పోటు. ఫోర్కు పళ్ల సందుల్లో సన్న ఆకురాయి ఆడించేటప్పుడైతే ప్రాణం పోతోంది. పప్పు గిన్నె దించాలన్నా ఎడమ చెయ్యే.

డాక్టరు గారు వాపు అన్నారు, పట్టీ వేసుకుని చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు. విశ్రాంతంటే మాకు ఆ వారం డబ్బు రానట్టే. పైగా షుగర్ ఉంది కాబట్టి నొప్పి మాత్రలు అదేపనిగా మింగొద్దన్నారు. రోలు మానేసి మిక్సీ కొనమని అమ్మాయి పోరు. గోంగూర పచ్చడి విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

చేతిపని చేసేవాళ్లు ఎవరైనా చెప్పండి. ఆకురాయి పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుందా? చెక్కను చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించే చిన్న వైస్ పనికొస్తుందా? రాత్రిళ్లు దగ్గు కూడా వస్తోంది, చెక్క పొడి వల్లే అనుకుంటా. మా ఎండల్లో మాస్కు పెట్టుకుని కూర్చోలేను, ఇంకో దారేమైనా ఉందా? పని మానేయమని మాత్రం చెప్పకండి.